యున్‌లి రాకుమారుడు: రాజకార్యమూ ధర్మనిష్ఠా

వ్లదీమిర్ ఉస్పెన్‌స్కీ రచించిన గ్రంథం 1997లో టోక్యో నుంచి వెలువడింది. చింగ్ చక్రవర్తి కాంగ్షీ పదిహేడవ కుమారుడైన యున్‌లి (1697–1738) జీవితాన్నీ, రచనలనూ, ఆయన కూడబెట్టిన టిబెటు, మంగోలు గ్రంథాలనూ పరిశీలించిన పుస్తకమది. శీర్షికలోనే గ్రంథకర్త రాకుమారునికి రెండు విశేషణాలు తగిలించాడు: మంచూ రాజనీతిజ్ఞుడు, టిబెటు బౌద్ధుడు. ఆ రెండింటినీ ఒక సముచ్చయంతో కలిపి ఊరుకున్నాడు. ఆ సముచ్చయం ఏమి చెబుతున్నదన్నదే ఈ వ్యాసంలో నా ప్రశ్న. ఒకే మనిషిలో రెండు గుణాలు పక్కపక్కన ఇమిడి ఉన్నాయనా? ఒకటి రెండవదానికి ముసుగనా? లేక మొదటిది లేనిదే రెండవది పుట్టి ఉండేది కాదనా?

ప్రశ్న చిన్నదే. కాని చింగ్ సామ్రాజ్యకాలపు బౌద్ధాన్ని గురించి జరిగే వాదమంతా దీని చుట్టూనే తిరుగుతున్నది. మంచూ పాలకులు లామాలను ఆదరించడం మంగోలులను అదుపులో పెట్టుకోవడానికేనని ఒక పక్షం. వారు నిజమైన దానపతులని, మంజుశ్రీ అవతారంగా కీర్తింపబడిన చక్రవర్తులని మరొక పక్షం. మన పత్రికల్లో వచ్చే రచనలు సాధారణంగా రెండవ పక్షం వహిస్తాయి. ఆరామానికి భూమి ఇచ్చిన ప్రతి రాజునూ ధర్మరాజని పిలవడం మనకు అలవాటు. ఈ రెండు పక్షాలలో దేనికీ సులువుగా లొంగని మనిషి యున్‌లి. ఆయన కుటుంబ పరిస్థితిని పట్టించుకోకుండా ఆయన ధర్మాన్ని అంచనా వేయలేమని నా అభిప్రాయం. అందువల్ల ముందుగా కుటుంబం సంగతి.

కాంగ్షీ చక్రవర్తికి ముప్పై అయిదుగురు కుమారులు. వారిలో శైశవం దాటి వరుస సంఖ్య పొందినవారు ఇరవై నలుగురు. యున్‌లి తల్లి చెన్ వంశానికి చెందిన స్త్రీ. తండ్రి మరణించేనాటికి, అంటే 1722 చివరకు, యున్‌లికి ఇరవై అయిదేళ్ళు. అప్పటికి రాజకుటుంబం సింహాసనం కోసం చీలిపోయి పదిహేనేళ్ళయింది. యువరాజు యిన్‌రెన్‌ను కాంగ్షీ 1708లో ఒకసారి, 1712లో మరొకసారి పదవి నుంచి తొలగించాడు. ఆ తరువాత ఎనిమిదవ కుమారుడు యిన్‌సి చుట్టూ బలమైన వర్గం ఏర్పడింది. ఆ వర్గానికి స్తంభం వంటివాడు అలింగా. కాంగ్షీ బాల్యంలో రాజ్యం నడిపిన నలుగురు సంరక్షకులలో ఒకడైన ఎబిలున్ కుమారుడతడు. ఈ అలింగాయే యున్‌లికి పిల్లనిచ్చిన మామ. యున్‌లి పట్టపు భార్య నియోహురు వంశపు ఆడపడుచు.

చివరకు సింహాసనం దక్కింది నాలుగవ కుమారునికి. ఆయనే యోంగ్‌జెంగ్ చక్రవర్తి. తన పేరులోని మొదటి అక్షరాన్ని మరెవరూ ధరించరాదని ఆయన అన్నదమ్ములందరి పేర్లూ మార్పించాడు. అంతవరకు యిన్‌లిగా ఉన్నవాడు యున్‌లి అయినది అప్పుడే. అన్న అన్నగా మిగలలేదని, ప్రభువయ్యాడని తెలియజెప్పడానికి అంతకంటే సూటిమార్గం ఉండదు. తరువాతి నాలుగేళ్ళలో యిన్‌సి, తొమ్మిదవ కుమారుడు యిన్‌తాంగ్ నిర్బంధంలోనే మరణించారు. పద్నాలుగవ కుమారుడు యిన్‌తి, చక్రవర్తికి సొంత తల్లి కడుపున పుట్టిన తమ్ముడు, కాపలాలో బతికాడు. అలింగా అప్పటికే, 1716లో, చనిపోయాడు. చక్రవర్తి ఆయన సమాధినీ వదలలేదు. అది ప్రభుద్రోహి, సోదరద్రోహి, క్రూరుడు, లోభి అయిన అలింగా సమాధి అని దాని శిలపై చెక్కించమని 1724లో ఆజ్ఞాపించాడు. కన్నతండ్రి గోరీపై ఆ మాటలు చెక్కివున్న స్త్రీ యున్‌లి ఇంటి ఇల్లాలు.

ఇటువంటి మామగారు ఉన్న తమ్ముడు ఎలా బయటపడ్డాడు? చక్రవర్తే ఒక శాసనంలో ఆ వృత్తాంతం చెప్పాడు. కాంగ్షీ మరణించిన దినాన రాజధాని కావలి అధిపతి లోంగ్కోదో పశ్చిమ ద్వారపు వీథిలో యున్‌లిని కలిశాడట. నాలుగవ రాకుమారుడు సింహాసనం ఎక్కుతున్నాడన్న మాట వినగానే యున్‌లి ముఖం వికృతమై, పిచ్చివానివలె తన ఇంటికి పరుగెత్తాడట. కొత్త చక్రవర్తిని ఎదుర్కోవడానికి రాలేదట. ఆ మాట నమ్మిన యోంగ్‌జెంగ్ తమ్ముణ్ణి తండ్రి సమాధుల కావలికి పంపించాడు. తరువాత పదమూడవ తమ్ముడు యిన్‌షియాంగ్ ‘ఇతడు సత్స్వభావుడు, ప్రభుభక్తి గలవాడు’ అన్న అర్థం వచ్చేటట్లు సిఫారసు చేశాడు. ఆ ఒక్క మాటతో చక్రవర్తి మనసు మారింది. 1723లో యున్‌లికి ద్వితీయశ్రేణి రాకుమార బిరుదు, 1728లో ప్రథమశ్రేణి బిరుదు వచ్చాయి. చైనీయంలో ఆ బిరుదు ‘గువొ’, మంచూ భాషలో ‘కెంగ్‌సె’. రెండింటికీ దృఢనిశ్చయం గలవాడని అర్థం. టిబెటు, మంగోలు గ్రంథాలలో ఆయన కెంగ్‌సె చిన్‌వాంగ్ అన్న పేరుతోనే కనిపిస్తాడు.

లోంగ్కోదో చెప్పినది ఎంతవరకు నిజమో పక్కన పెట్టుదాం. పిచ్చివానివలె పరుగెత్తిన ఆ కథను చక్రవర్తి ఏళ్ళ తరువాత, తమ్ముడు అధికార శిఖరాన ఉన్నప్పుడు, అందరూ చదివే శాసనంలో చెప్పడం గమనించదగినది. మెచ్చుకోలుగానే చెప్పాడు. కాని విన్నవారికి మరొక సంగతి కూడా అర్థమై ఉంటుంది: నీ ప్రాణం ఒక సోదరుని మాట మీద నిలిచి ఉన్నదని. ఆ మాట సాయం చేసిన యిన్‌షియాంగ్ 1730లో మరణించాడు. అప్పటి నుంచి చక్రవర్తి దగ్గర యున్‌లికి ఆయన నడవడి తప్ప వేరే పూచీ లేదు.

1723లో బిరుదుతో పాటు వచ్చిన ఉద్యోగం లిఫాన్ యువాన్ అధిపత్యం. మంగోలుల, టిబెటు వారి వ్యవహారాలు చూసే కార్యాలయం అది. లామాల రాకపోకలు, బిరుదులు, కానుకలు అన్నీ దాని పరిధిలోవే. కనుక యున్‌లికి లామాలతో పరిచయం ఉద్యోగధర్మంగా కలిగిందనడంలో సందేహం లేదు. రాజకీయ వ్యాఖ్యాతలు ఇక్కడే ఆగుతారు. కార్యాలయాధిపతి కనుక లామాలను ఆదరించాడు, అంతే అంటారు. ఆ కార్యాలయానికి ఆయనకు ముందూ తరువాతా అధిపతులున్నారు. వారిలో ఎందరు టిబెటు భాషలో గ్రంథరచన చేశారన్నది వారు అడగవలసిన తరువాతి ప్రశ్న. యున్‌లి చేశాడు.

ఆయన జీవితంలో రాజకార్యమూ ధర్మమూ ఒకే గదిలో కూర్చున్న ఘట్టం 1734–35లో వచ్చింది. దాని పూర్వాపరాలు కొంత వివరించాలి. 1727లో లాసాలో మంత్రి ఖాంగ్‌ఛెన్నె హత్యకు గురయ్యాడు. అంతర్యుద్ధం చెలరేగింది. 1728లో పొల్హనె విజయం సాధించాడు. ఏడవ దలైలామా కెల్సాంగ్ గ్యాత్సొ (1708–1757) అప్పటికి ఇరవై ఏళ్ళ యువకులు. వారి తండ్రికి ఆ కుట్రతో సంబంధమున్నదన్న అనుమానం ఉండేది. జుంగార్ మంగోలుల దాడి నుంచి రక్షణ అన్న పేరిట చింగ్ ప్రభుత్వం దలైలామాను లాసా నుంచి కదిలించింది. వారు ముందుగా తమ జన్మస్థలమైన లితాంగ్‌కు, 1730లో ఖామ్ ప్రాంతంలోని గార్తార్‌కు చేరారు. చైనీయులు ఆ చోటును తైనింగ్ అన్నారు. అక్కడ చక్రవర్తి ఖర్చుతో కొత్త విహారం లేచింది. విహారానికి చుట్టూ సైన్యం ఉన్నది. గౌరవంగా ఉంచారు, బయటికి పోనివ్వలేదు. ఏ పేరు పెట్టినా అది నిర్బంధమే.

జుంగార్లతో సంధి మాటలు మొదలైన తరువాత 1734లో దలైలామాను తిరిగి లాసాకు పంపాలని యోంగ్‌జెంగ్ నిర్ణయించాడు. ఆ పని మీద గార్తార్‌కు వెళ్ళవలసినవాడు యున్‌లి. ఆయన వెంట మూడవ చాంగ్‌క్యా రోల్‌పె దోర్జె (1717–1786) బయలుదేరారు. వారికి అప్పుడు పదిహేడేళ్ళు. అమ్దోలోని వారి గోన్‌లుంగ్ విహారాన్ని తిరుగుబాటు కాలంలో చింగ్ సైన్యమే ధ్వంసం చేసింది. అప్పుడు చక్రవర్తి ఆజ్ఞతో బాలకుడైన చాంగ్‌క్యాను 1724లో బీజింగుకు తెచ్చి, రాజప్రాసాదంలో రాకుమారులతో పాటు చదివించారు. అంటే ఆ ప్రయాణంలో ఉన్నది ఎవరో చూడండి. అన్న అనుగ్రహం మీద బతుకుతున్న తమ్ముడు. విహారం తగలబడిన తరువాత రాజగృహంలో పెరిగిన లామా. దారి చివర, సైనికుల కాపలాలో ఉన్న దలైలామా. ముగ్గురూ వేర్వేరు రీతుల్లో ఒకే చక్రవర్తి చేతిలో ఉన్నవారు. ఆచార్య–దానపతి సంబంధం అని మనం గ్రంథాలలో చదివే దానిని ఇటువంటి మనుషులు ఇటువంటి చోట ఆచరించవలసి వచ్చింది.

ఈ ప్రయాణాన్ని గురించి యున్‌లి చైనీయంలో దినచర్య రాశాడు, పద్యాలూ రాశాడు. దినచర్యకు ‘టిబెటు దినచర్య’ అన్న పేరు స్థిరపడింది. ఆ పేరు చూసి ఆయన లాసా వెళ్ళాడని పొరబడేవారున్నారు. ఆయన వెళ్ళినది గార్తార్ వరకే. నేటి లెక్కలో అది సిచువాన్ రాష్ట్రపు పశ్చిమ భాగంలో, దావు మండలంలో ఉన్నది. దినచర్య ప్రధానంగా బాట కథ: మజిలీలు, పర్వతాలు, నదులు. రాకుమారుని బౌద్ధనిష్ఠకు సాక్ష్యం దానిలో వెదకడం పొరపాటు. చైనీయ సాహిత్యంలో రాజదూత రాసే దినచర్యకు ఒక సంప్రదాయముంది. ఆయన ఆ సంప్రదాయానికి లోబడి రాశాడు. ఆ రోజుల్లో బీజింగు ప్రభుకుటుంబంలో ఏ భాషలో ఏ సంగతి చెప్పాలన్న విభజన ఉండేది. పాలనకు మంచూ, సాహిత్యానికి చైనీయం, ధర్మానికి టిబెటు, మంగోలు. చైనీయ గ్రంథాలు మాత్రమే చదివినవారికి యున్‌లి ఒక సాహిత్యాభిమానిగా తోస్తాడు. 1733లో ఆయన పేరు మీద ప్రాచీన గద్య సంకలనం ఒకటి వెలువడింది. ఎంపిక చేసినవాడు పండితుడు ఫాంగ్ బావో. ఆర్థర్ హమ్మెల్ సంపాదకత్వాన 1943–44లో వాషింగ్టన్ నుంచి వెలువడిన చింగ్ కాలపు ప్రముఖుల కోశంలోనూ ఆయనకు స్థానమున్నది. వీటితో ఆగిపోయిన పాఠకునికి గార్తార్ మజిలీ ఒక దౌత్యయాత్రగా మాత్రమే మిగులుతుంది.

ఇక్కడ మనకు సంబంధించిన మాట ఒకటి చెప్పి ముందుకు పోతాను. దలైలామాల పూర్వపు పీఠమైన డ్రెపుంగ్ విహారం 1416లో స్థాపితమైంది. ఆ పేరుకు ‘ధాన్యపు రాశి’ అని అర్థం. మన ధాన్యకటకానికి టిబెటు వారు చేసుకున్న అనువాదమే అది. కాలచక్ర తంత్రాన్ని బుద్ధుడు ధాన్యకటక స్తూపం వద్ద ఉపదేశించాడన్న సంప్రదాయాన్ని వారు ఆ పేరులో నిలుపుకున్నారు. గార్తార్‌లో కూర్చున్న యువ దలైలామా ఏ విహారానికి దూరమయ్యారో చెప్పుకునేటప్పుడు అమరావతి పేరు మనకు తలపునకు రావడం సహజం.

గార్తార్ నుంచి దలైలామా 1735లో లాసా చేరారు. చాంగ్‌క్యా వారి వెంట వెళ్ళి, తషిల్హున్పొలో పంచెన్ లామా చేతుల మీదుగా ఉపసంపద పొందారు. యున్‌లి వెనుదిరిగి బీజింగు చేరాడు. ఆ సంవత్సరమే యోంగ్‌జెంగ్ మరణించాడు. కొత్త చక్రవర్తి ఛియాన్‌లోంగ్‌కు సహాయకులుగా నియమితులైన నలుగురిలో యున్‌లి ఒకడు. తక్కినవారు పదహారవ సోదరుడు యున్‌లు, మంత్రులు ఒర్తాయి, జాంగ్ తింగ్‌యు. ఒకప్పుడు సమాధుల కావలికి పోయినవాడు ఇప్పుడు రాజ్యభారం మోస్తున్నాడు.

ఈ దశలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచే సాక్ష్యం ఒకటున్నది. సాధారణంగా దానికి తగినంత విలువ ఇవ్వరు. యోంగ్‌జెంగ్ స్వయంగా ఛాన్ సాధకుడు. తాను జ్ఞానోదయం పొందినట్లు నమ్మినవాడు. 1733లో ఛాన్ ఆచార్యుల వాక్కులను ఎంపికచేసి పెద్ద సంకలనం వెలువరించాడు. దాని చివరి భాగంలో తన ధర్మసభలో కూర్చున్న రాకుమారులనూ మంత్రులనూ చేర్చాడు. ఒక్కొక్కరికీ ఒక్కొక్క ఉపాసకనామం ఉన్నది. యున్‌లి పేరు అక్కడ ‘జిదె’, అంటే తనంతట తాను పొందినవాడు. మరొక ఉపాసకుడు నాలుగవ రాకుమారుడు హోంగ్‌లి, కాబోయే ఛియాన్‌లోంగ్ చక్రవర్తి. ఈ సభలో ఎవరికి బోధ కలిగిందో తేల్చేవాడు చక్రవర్తే. ఆయన కలిగిందంటే కలిగింది. వద్దనే స్వేచ్ఛ ఆ సభలో ఎవరికుంటుంది?

అంటే 1733 నాటికి యున్‌లికి రాజసభలో మెప్పు తెచ్చే బౌద్ధం సిద్ధంగా ఉన్నది. అది చైనీయ ఛాన్. గురువు సొంత అన్న, చక్రవర్తి. కేవలం ప్రభువు దయ కోసమే ధర్మాన్ని ఆశ్రయించినవాడైతే అక్కడితో సరిపోయేది. యున్‌లి అక్కడితో ఆగలేదు. టిబెటు లామాలను ఆశ్రయించాడు. టిబెటు భాషలో తానే గ్రంథాలు రాశాడు. గ్రంథాలను మంగోలు భాషలోకి అనువదింపజేశాడు. ఆయన సంచయంలో గెలుగ్ గ్రంథాలతో పాటు ఞింగ్మా సంప్రదాయపు గ్రంథాలకూ చోటు ఉన్నది. రాకుమారుని మొగ్గు ఞింగ్మా వైపు ఉన్నదని ఉస్పెన్‌స్కీ గుర్తించడం ఆయన పరిశోధనలో అతి విలువైన భాగమని నా ఉద్దేశం. ఎందుకంటే 1726లో యోంగ్‌జెంగ్ ప్రభుత్వం టిబెటులో గెలుగ్‌ను సమర్థిస్తూ ఞింగ్మాను అణచేటట్లు ఆజ్ఞ జారీ చేసింది. పొల్హనె వంటివారు దానిని వ్యతిరేకించారు. టిబెటు వ్యవహారాల కార్యాలయానికి అధిపతిగా ఉన్నవాడు, ప్రభుత్వం చిన్నచూపు చూసిన సంప్రదాయపు గ్రంథాలను తన ఇంట దాచుకున్నాడు. దీనిలో రాజ్యానికి వచ్చే ప్రయోజనమేమిటి? చక్రవర్తి అనుమానం మీద బతికినవానికి లాభమేమిటి?

కాబట్టి ఛాన్ నామం అన్న పెట్టిన పేరు, ఞింగ్మా పుస్తకం తాను కోరుకున్నది అని నేననుకుంటాను. రెండూ కపటం లేకుండా ఉండవచ్చు. కాని ఎంపిక కనిపించేది రెండవదానిలో. విశ్వాసానికి సాక్ష్యం కావాలంటే శాసనాలలో కంటే పుస్తకాల అరలో వెదకడం మేలు.

రాజకీయ పక్షం వారు తరచుగా ఉదాహరించేది ఛియాన్‌లోంగ్ 1792లో రచించి, బీజింగులోని యోంగ్‌హెగోంగ్ విహారంలో నాలుగు భాషలలో చెక్కించిన లామాల వివరణ శాసనం. పీతధర్మాన్ని ఆదరించడం మంగోలులను శాంతింపజేయడానికేనని చక్రవర్తి దానిలో బాహాటంగా చెప్పుకున్నాడు. ప్రభువే ఒప్పుకున్న తరువాత ఇంకేమి కావాలని వాదిస్తారు. నేనూ ఒకప్పుడు ఆ శాసనాన్ని తిరుగులేని సాక్ష్యంగానే భావించాను. కాని అది గూర్ఖాల దండయాత్ర తరువాత, లామాల ఎంపికలో జరుగుతున్న అక్రమాలను అరికట్టే సందర్భంలో, ఎనభై దాటిన చక్రవర్తి తనను సమర్థించుకుంటూ రాసినది. లామాలకు లొంగిపోయాడన్న నింద తన మీద పడకూడదని రాసినది. ఆ ప్రభువే చాంగ్‌క్యా దగ్గర అభిషేకాలు పొందినవాడు. అది కూడా అలా ఉంచి, 1792 నాటి మాటతో 1730ల నాటి పినతండ్రి మనసును కొలవడం ఏ రకం చరిత్ర? యున్‌లి మరణించి అప్పటికి యాభై నాలుగేళ్ళు. ఒక తరం వారి ఉద్దేశాన్ని వారి అన్న కొడుకు ముసలితనంలో రాసిన శాసనంలో వెదుకుతున్నాము.

అట్లని రెండవ పక్షానికి యున్‌లిని అప్పగించడానికీ నాకు మనసొప్పదు. ఆయన దలైలామాకు నమస్కరించిన విహారం చుట్టూ సైనికులున్నారు. ఆ సైనికులు ఆయన పక్షం వారు. ఆయన పక్కన నడిచిన చాంగ్‌క్యా విహారాన్ని కాల్చినది ఆయన అన్న సైన్యం. భక్తి నిజమైనంత మాత్రాన నిర్బంధం మాయమైపోదు. సంఘసభ్యులకు ఈ మాట కటువుగా తోచవచ్చు. కాని దానపతి చేతిలోని కత్తిని చూడకుండా దానాన్ని మాత్రం లెక్కవేసే పద్ధతి వల్లనే పాఠకులు మన రచనలను స్తోత్రాలుగా భావించి పక్కన పెడుతున్నారు.

ఉస్పెన్‌స్కీ శీర్షికతో నా పేచీ ఇదే. రాజనీతిజ్ఞుడు, బౌద్ధుడు అని రెండు పేర్లను సమానంగా నిలబెట్టినప్పుడు ఆ మనిషి పగలు ఒక పని, రాత్రి ఒక పని చేసినట్లు భ్రమ కలుగుతుంది. యున్‌లికి టిబెటు భాష, లామాల సాంగత్యం, పుస్తకాలు తెప్పించుకునే వీలు అన్నీ లిఫాన్ యువాన్ పదవి వల్ల కలిగాయి. ఆ పదవి ఒక సోదరుని సిఫారసు వల్ల వచ్చింది. పదవి తెరిచిన తలుపు గుండా వెళ్ళి ఆయన అక్కడ పదవికి అక్కరలేని దానిని తెచ్చుకున్నాడు. గ్రంథంలోని సామగ్రి ఈ సంగతినే నిరూపిస్తున్నది. శీర్షిక మాత్రం దానికి తగినది కాదు.

ఇప్పుడు సంతానం మాట. యున్‌లికి బతికిన కొడుకులు లేరు. 1738లో ఆయన మరణించగా, యోంగ్‌జెంగ్ కడపటి కుమారుడు హోంగ్‌జాన్‌ను ఛియాన్‌లోంగ్ దత్తతగా ఆ ఇంటికి ఇచ్చాడు. 1733లో పుట్టిన ఆ బాలునికి అప్పటికి అయిదేళ్ళు. ఛియాన్‌లోంగ్‌కు సవతి తమ్ముడైన ఆ పిల్లవాడు పినతండ్రికి కొడుకయ్యాడు. యున్‌లికి మరణానంతరం లభించిన నామం ‘యి’, దృఢుడు. బిరుదుతో కలిపితే ‘గువొ యి’. విచిత్రమేమంటే, అవమానితుడైన అలింగా వంశానికున్న బిరుదులోనూ అవే రెండు అక్షరాలు. ఎవరైనా కావాలని చేశారని నేననను. కాని ఆ ఇంటి విధవరాలికి అది కనబడకుండా ఉండదు.

ఈ దత్తత చైనా ప్రజల ఊహను ఎంతగా ఆకట్టుకున్నదో 2011లో ప్రసారమైన ‘జెన్ హువాన్ జువాన్’ ధారావాహిక చెబుతుంది. అంతర్జాలంలో వచ్చిన నవల ఆధారంగా తీసిన ఆ కథలో గువొ రాకుమారుడు చక్రవర్తి భార్యను ప్రేమించి విషానికి బలి అవుతాడు. హోంగ్‌జాన్ రహస్యంగా ఆయన కొడుకే. చివరకు దత్తత పేరుతో కన్నతండ్రి ఇంటికే చేరుతాడు. చరిత్రలో చక్రవర్తి 1735లోనే మరణించాడు, రాకుమారుడు ఆ తరువాత మూడేళ్ళు బతికాడు. కథకు ఈ సంగతి అడ్డం కాలేదు. వినోదానికి తీసిన దానితో పేచీ పడను. కాని ఆ కథలో వేణువూదే రాకుమారునికి జపమాల లేదు, టిబెటు పొత్తం లేదు. కోట్ల మందికి తెలిసిన యున్‌లి ఆయన ఒక్కడే. పండితులు రాజనీతిని మిగిల్చి ధర్మాన్ని తీసివేస్తే, కథకులు ప్రేమను చేర్చి రెండింటినీ తీసివేశారు.

నిజమైన హోంగ్‌జాన్ కథ వేరు. కవిత్వమన్నా పుస్తకాలన్నా ఆయనకు ప్రీతి. గ్రంథసేకరణలో ఆయన సంచయం యిన్‌షియాంగ్ వారసుల ప్రసిద్ధ గ్రంథాలయంతో పోటీపడేదని చెప్పుకున్నారు. ధనం మీద ఆశ కూడా అంతే. యువాన్‌మింగ్‌యువాన్ ఉద్యానంలో అగ్నిప్రమాదం జరిగినప్పుడు ఆలస్యంగా వచ్చి, తక్కిన రాకుమారులతో నవ్వుతూ నిలబడ్డాడట. దానితో పాటు వ్యాపారపు లావాదేవీలూ బయటపడ్డాయి. 1763లో ఆయన బిరుదు తగ్గించారు. మరణశయ్య మీద ఉన్నప్పుడు, 1765లో, ద్వితీయశ్రేణి బిరుదు తిరిగి ఇచ్చారు. తరువాత ఆ వంశపు హోదా తరం తరానికీ దిగజారింది. చింగ్ పద్ధతిలో శాశ్వత బిరుదులు కొన్ని కుటుంబాలకే ఉండేవి. గువొ వంశం ఆ కొద్దిమందిలో లేదు.

యున్‌లి పొత్తాలు మాత్రం పోలేదు. రష్యన్ చర్చి మిషన్‌తో 1840 నుంచి 1850 వరకు బీజింగులో గడిపిన వసీలీ వసీల్యెవ్ (1818–1900) టిబెటు, మంగోలు పుస్తకాలను విస్తారంగా కొన్నాడు. రాకుమారుని గ్రంథాలు ఆ విధంగా ఆయన చేతికి వచ్చాయి. ముందు కజాన్ విశ్వవిద్యాలయం, 1855లో ప్రాచ్యభాషల శాఖను తరలించినప్పుడు సెయింట్ పీటర్స్‌బర్గ్. బౌద్ధ అధ్యయనంలో రష్యా పండితులు సాధించిన కీర్తికి పునాదులలో ఈ పుస్తకాలు కూడా ఉన్నాయి. అలింగా సమాధి మీద చెక్కించిన నింద కోసం ఈనాడు పని కట్టుకుని వెదకాలి. అల్లుని మంగోలు పొత్తాలకు ఉస్పెన్‌స్కీ తయారుచేసిన సూచిక 1999లోనూ 2001లోనూ టోక్యోలో అచ్చయింది.

ఆయన మొదలుపెట్టిన పని మరొకరి చేతుల మీదుగా సాగిన సంగతి కూడా చెప్పాలి. చాంగ్‌క్యా 1736లో బీజింగుకు తిరిగి వచ్చారు. రాకుమారుడు ఆ తరువాత రెండేళ్ళే ఉన్నాడు. 1741–42లో తెంగ్యుర్‌ను మంగోలు భాషలోకి తేవడానికి చాంగ్‌క్యా నాయకత్వాన పండితులు కూడారు. ముందుగా పరిభాష స్థిరపరచాలని టిబెటు–మంగోలు పదకోశం సిద్ధం చేశారు. ప్రజ్ఞాపారమిత, మాధ్యమిక, అభిధర్మ శాస్త్రాల మాటలకు ఏ మంగోలు మాట వాడాలో దానిలో నిర్ణయించారు. నాగార్జునుని శాస్త్రాలు మంగోలు పాఠకునికి చేరిన దారి అది. ఆ కోశానికి ముందటి అనువాదాలు యున్‌లి ఇంట జరిగాయి. ఆ అనువాదాలలోని పరిభాష తరువాతి కోశంలో నిలిచిందా, మారిందా అన్నది రెండు భాషలూ తెలిసిన భిక్షువులు మాత్రమే తేల్చగల విషయం. మంగోలు కంగ్యుర్ 108 సంపుటాలను 1970లలో ఢిల్లీ నుంచి శతపిటక మాలలో లోకేశ్‌చంద్ర వెలువరించారు. పరిభాషను పోల్చదలచినవారికి అవి మన దేశంలోనే ఉన్నాయి.

సూచికను ముందు పెట్టుకుని మొదట చేయవలసిన పని పుష్పికల వర్గీకరణ. రాకుమారుడు తాను రచించినవి ఏవి, అనువదింపజేసినవి ఏవి, కేవలం సేకరించినవి ఏవి అని మూడుగా విడదీయాలి. ఞింగ్మా గ్రంథాలు మూడవ కుప్పలోనే పడితే నా వాదం కొంత బలహీనపడుతుంది. మొదటి రెండింటిలోనూ ఉంటే, ఉస్పెన్‌స్కీ శీర్షికలోని పేర్ల వరుసను తారుమారు చేయవలసి వస్తుంది.